వేళకి తినమన్న నలభై ఒక్కమంది

మార్చి 3

అమ్మమ్మకి,

నీ పిచ్చుక నమస్కారాలు. ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానంటే సంగతి పెద్దదని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఫోనులో అయితే నేను "ఊఁ, ఊఁ" అంటూ గిన్నెలు తోముకుంటానని, ఉత్తరమైతే రెండు చేతులూ నీకే ఇవ్వాల్సొస్తుందని అన్నావు కదా. ఇదిగో, ఇచ్చాను.

మా గ్రంథాలయం వెబ్‌సైటులో కొత్త విభాగం ఒకటి తెరిచాను. పేరు "ఉచిత పరిశోధన సహాయం". ఎవరైనా, ఎక్కడినుంచైనా ప్రశ్న పంపొచ్చు. దానికి జవాబు ఎక్కడ దొరుకుతుందో, ఖర్చేమీ లేకుండా ఎలా చదవొచ్చో నేను వెతికి చెబుతాను. జనానికి తెలియదు గానీ అమ్మమ్మా, నిజంగా పనికొచ్చేదంతా ఇంటర్నెట్టులో ఉచితంగానే పడి ఉంది. నూరేళ్ళ నాటి పత్రికలు స్కాను చేసి పెట్టారు. పాత పటాలున్నాయి. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలున్నాయి. ఏ పుస్తకం ఏ గ్రంథాలయంలో ఉందో చెప్పే జాబితాలున్నాయి. లేనిదల్లా దారి చెప్పే మనిషి. ఆ మనిషిని నేనవుదామనుకున్నాను.

తెరిచి నెలయింది. మూడు ప్రశ్నలొచ్చాయి. ఒకటి, గ్రంథాలయం ఎన్నింటికి మూస్తారు? రెండు, ఆదివారం కూడా అప్పుడేనా? మూడోది మా పక్క బల్ల ఆవిడ జాలిపడి పంపింది.

మే 31 సాయంత్రం ఆరు గంటల్లోపు రెండు వందల ప్రశ్నలు రాకపోతే విభాగం ఎత్తేస్తామని కమిటీ తేల్చేసింది. నన్ను కింది అంతస్తుకి, చిరిగిన పుస్తకాలకి జిగురు పూసే గదికి పంపిస్తారట. జిగురు వాసనకి నాకు ఆగకుండా తుమ్ములొస్తాయని నీకు తెలుసు. అదీ కాక, ఇది నా ఆలోచన. నా సొంతంగా నేను చేసిన మొదటి పని. అమ్మతో చెప్పకు.

నీ పిచ్చుక


మార్చి 10

చిరంజీవి పిచ్చుకకి, మోకాళ్ళ నొప్పి మినహా అన్ని విధాలా క్షేమంగా ఉన్న అమ్మమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు కుడివైపుకి జారిపోతున్నాయి. తిండి సరిగ్గా లేనివాళ్ళ చేతిరాత అలాగే ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు భూగోళం చెప్పి, కొన్ని వేల నోటు పుస్తకాలు దిద్దినదాన్ని. నాకు తెలుసు.

ప్రశ్నలు రావడం లేదని బెంగ పెట్టుకున్నావు. బడిలో కూడా అంతే. "ఎవరికైనా అనుమానాలున్నాయా?" అంటే నలభై తలలూ ఒక్కసారి వంగిపోయేవి. ఎవడో ఒకడు మొదటి ప్రశ్న అడగాలి. ఆ తరవాత ఆపడం కష్టం. నేనైతే ముందు రోజే ఒకడికి ప్రశ్న నేర్పి తరగతిలో అడగమనేదాన్ని. ఇది నీకు ఉత్త కబురుగా చెబుతున్నాను, వేరే ఉద్దేశమేమీ లేదు.

నేను నీకు సాయం చెయ్యలేను. నువ్విచ్చిన లాప్‌టాప్ మీద లేసు గుడ్డ కప్పి, దాని మీద కళ్ళజోడు పెట్టుకుంటున్నాను. చాలా అనువుగా ఉంది.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ప్రశ్న పంపినవాళ్ళు ఎవరో, ఏమిటో మీరు ఆరా తీస్తారా? ఋజువులవీ అడుగుతారా?

మీ అమ్మతో చెప్పను. చెబితే ముందు నన్నే తిడుతుంది. వేళకి తిను.

అమ్మమ్మ


మార్చి 15

అమ్మమ్మకి,

ఆరా తియ్యం. అది మా వృత్తికే మొదటి నియమం. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది గ్రంథాలయానికి అనవసరం. ఫారంలో మూడు గళ్ళుంటాయి, అంతే. మిమ్మల్ని ఏమని పిలవాలి? ఏం చేస్తుంటారు? ఏం కావాలి? పేరు బదులు ముద్దుపేరు రాసినా సరే. జవాబు వాళ్ళకి పంపి, ప్రశ్నా జవాబూ రెండూ పేరు లేకుండా మా పేజీలో అందరికీ కనబడేలా పెడతాం.

నీకెందుకీ వివరాలు? కళ్ళజోడు జాగ్రత్త. దాని మీద పెడితే మూత గీసుకుపోతుంది.

పిచ్చుక


మార్చి 29

అమ్మమ్మా, అమ్మమ్మా!

ఒక్క రెండు వారాల్లో ఇరవై ఆరు ప్రశ్నలు! నా కుర్చీ ఇప్పుడు కుర్చీలా లేదు, సింహాసనంలా ఉంది.

ఎలాంటి మనుషులనుకున్నావు! ఒకే కాన్పులో ముగ్గుర్ని కన్న తల్లి ఒకామె రాసింది: "ముగ్గురూ ఒకేసారి ఏడిస్తే ముందు ఎవర్ని ఎత్తుకోవాలన్న దాని మీద ఎవరైనా పరిశోధన చేశారా? త్వరగా చెప్పండి, ఏడుస్తున్నారు." సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా కాసి రిటైరైన ఆయన ఒకరు. ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్ళయినా ఇప్పటికీ పన్నెండు సెకన్లకోసారి తల తిప్పుతున్నారట. తన దీపస్తంభం పాత పటాల్లో ఎక్కడైనా ఉందా అని అడిగారు. అందరికంటే నాకు నచ్చింది తేనెటీగలు పెంచే పెద్దాయన. నేను పంపిన పుస్తకమంతా రెండు రోజుల్లో చదివేసి, "నాలుగో అధ్యాయం దండగ, రాసినవాడు ఒక్కసారి కూడా కుట్టించుకోలేదని తెలుస్తోంది" అని తిరిగి రాశారు.

ఇంకో వింత. వీళ్ళందరూ ప్రశ్న చివర "వేళకి తిను" అనో "భోంచేశావా?" అనో రాస్తారు. దీపస్తంభం ఆయన కూడా! పేజీలో పెట్టిన ఫొటోలో నేను మరీ చిక్కిపోయినట్టున్నానని, అందుకే జనం జాలిపడుతున్నారని మా పక్క బల్ల ఆవిడ తేల్చింది. విభాగం తరఫున సొంత కబుర్లు రాయకూడదు గనక తిన్నదీ లేనిదీ ఎవరికీ చెప్పడం లేదు. కానీ వాళ్ళ మాట మీద వేళకే తింటున్నాను.

పిచ్చుక


ఏప్రిల్ 4

చిరంజీవి పిచ్చుకకి, గర్వంతో మెడ కాస్త నొప్పెడుతున్న అమ్మమ్మ ఆశీస్సులు.

చాలా సంతోషం. ఆ జనమెవరో గానీ బుద్ధిమంతులు. వాళ్ళ మాట వినడం నీకు మంచిది. ఇన్నేళ్ళుగా ఆ ముక్కే చెబుతున్న ఒక మనిషి మాట మాత్రం వినలేదు. పోనీలే. ఊరందరూ చెబితే గానీ ఇంట్లోవాళ్ళ మాట చెవికెక్కదు.

ఒకటి చెప్పకుండా ఉండలేను. దీపస్తంభం మనిషికి పాత సముద్ర పటం చూపించావు, బాగానే ఉంది. దాని కొలమానం ఎలా చదవాలో చెప్పొద్దూ? భూగోళం టీచరు మనవరాలివి. ఆ పటంలో ఒక వేలెడు దూరం ఎంతో తెలియకపోతే ఆ పెద్దమనిషి దీపం సముద్రం మధ్యలో వెలుగుతుంది.

మా కింది వాటాలో ఉండే దర్జీ నిన్న మెట్ల మీద ఆపాడు. "టీచరమ్మా, మధ్యాహ్నాలు మీ ఇంట్లోంచి టకటకమని చప్పుడొస్తోంది. మిషనేమైనా కొన్నారా? నాకు పోటీయా?" అన్నాడు. వడ్రంగిపిట్ట అని చెప్పాను. నమ్మాడు. మంచివాడు.

అమ్మమ్మ


ఏప్రిల్ 11

అమ్మమ్మకి,

పట్టుబడ్డావు! దీపస్తంభం ఆయనకి నేను పంపిన పటం సంగతి నేను నీకు రాయనే లేదు. అంటే లాప్‌టాప్ తెరిచి మా పేజీ చదువుతున్నావన్నమాట! వడ్రంగిపిట్టట! మరి దర్జీకి తెలిసిపోతుందని సిగ్గా? నువ్వు చదువుతున్నావని తెలిశాక జవాబులు ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. కొలమానం గురించి ఆయనకి విడిగా రాశాను. "ఇప్పటికైనా" అని ఒక్క మాట జవాబిచ్చారు.

తొంభై మూడు దాటాయి. ఇప్పుడు అసలు విషయం. కోప్పడకు.

తేనెటీగల పెద్దాయన గురించి రాశాను కదా. ఆయన రాసేది చదువుతుంటే నాకు నువ్వే గుర్తొస్తున్నావు. చదువుకున్నవాడు. నాలుక పదును. తప్పు కనబడితే వదలడు. భార్య పోయి ఆరేళ్ళయిందట. తాతయ్య పోయాక నీతో సమానంగా పోట్లాడేవాళ్ళే లేకుండా పోయారని నువ్వే అన్నావు. ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటే ఎలా ఉంటుంది? ఉత్తరాలే! ఇంకేం అనడం లేదు.

పిచ్చుక


ఏప్రిల్ 16

పిచ్చుకా,

దీవెనలు ఈసారికి లేవు.

ఆ మనిషి నాకు బొత్తిగా నచ్చలేదు. అహంకారి. నాలుగో అధ్యాయాన్ని దండగ అనడానికి ఆయనెవరు? నేనూ చదివాను, అక్కడక్కడా పనికొచ్చే ముక్కలున్నాయి. పైగా నా గుణగణాలన్నీ ఆయనలో ఉన్నాయని నాకే చెబుతావా? నాలాంటి మనిషితో నేనెలా వేగుతానే? ముప్పై ఎనిమిదేళ్ళు మీ తాతయ్య వేగారంటే ఆయన అందుకే పుట్టారు.

నీకు నియమం ఒకటుందన్నావు, ఎవరో ఏమిటో ఆరా తియ్యకూడదని. దాన్ని పాటించు. ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి.

వేళకి తిను. కోపంలో రాయడం మరిచిపోయానని అనుకోకు.

అమ్మమ్మ


ఏప్రిల్ 22

అమ్మమ్మకి,

నీ ఉత్తరం చేరేసరికే ఆలస్యమైపోయింది. నియమం తప్పానని ఒప్పుకుంటున్నాను. ఆయనకి జవాబు పంపుతూ చివర ఒక్క వాక్యం రాశాను: "మీకు అభ్యంతరం లేకపోతే మా అమ్మమ్మ చిరునామా ఇస్తాను, ఆవిడ కూడా మీలాగే మాట్లాడుతుంది." ఆయనేమన్నారో తెలుసా? "హద్దుల్లో ఉండండి. పని చూసుకోండి. వేళకి తినండి."

నాకు ఆయన ఇంకా నచ్చేశారు. మళ్ళీ అడుగుతాను.

పిచ్చుక


మే 2

అమ్మమ్మా,

ఈ ఉత్తరం మీద మరకలుంటే ఏమీ అనుకోకు.

తేనెటీగల పెద్దాయన పోయారు. మేనల్లుడు ఫారంలో రాశాడు. "మా మామయ్య మొన్న పోయారు. బాధ పడలేదు. అడగాల్సినవన్నీ అడిగేశారు. మీరు వేళకి తినండి." అంతే. ఆ కుటుంబమంతా ఎంత మంచివాళ్ళో చూడు. అంత దుఃఖంలోనూ నా తిండి మరవలేదు.

రెండు రోజులు విభాగం మూసేశాను. పేజీలో సంతాప వాక్యం పెట్టాను. ప్రశ్నలు ఆగిపోయాయి. ఆగితే ఆగనీ. ముఖమైనా చూడని మనిషి కోసం ఇంత ఏడుపేమిటని పక్క బల్ల ఆవిడ మందలించింది. దీపస్తంభం ఆయన ఒక్క పరామర్శ మాటైనా రాయలేదు. ఎంత రాతి గుండె!

నీకు ఆయన నచ్చలేదు కదా. ఇప్పుడైనా ఒక మంచి మాట అను.

పిచ్చుక


మే 6

నా బంగారు పిచ్చుకకి, తలెత్తుకోలేకుండా ఉన్న అమ్మమ్మ ఆశీస్సులు.

ఏడవకు. ముందు ముఖం కడుక్కో.

ఏ సంగతినైనా రెండు ఆధారాలతో సరిచూసుకోవాలని నువ్వే కదా పేజీలో పైన పెద్దక్షరాలతో పెట్టావు? మరి ఒక మనిషి చావుకి ఒక్క మేనల్లుడి మాట సరిపోయిందా? మేనల్లుళ్ళు తొందరపడతారు. నాకు నలుగురున్నారు, నాకు తెలుసు. ఆయన ఏ దూరప్రయాణమో వెళ్ళి ఉండొచ్చు. సంతాపం తీసెయ్యి. విభాగం తెరువు. గడువు ఇంకా మూడు వారాలే.

దీపస్తంభం ఆయన్ని ఏమీ అనకు. అందరి తరఫునా పరామర్శలు రాయడానికి ఓపిక ఉండొద్దూ? అంటే, ఎవరి ఓపిక వాళ్ళది అంటున్నాను.

అమ్మమ్మ


మే 12

అమ్మమ్మా!

ఆయన బతికే ఉన్నారు! రెండో ఆధారం ఆయనే! "మా మేనల్లుడు తొందరపాటు మనిషి. నేను పక్క ఊరికి వెళ్ళాను. మీ పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం బాగుంది" అని రాశారు. నేను గట్టిగా అరిస్తే నిశ్శబ్ద పఠన మందిరంలోంచి ముగ్గురు బయటికొచ్చి చూశారు.

ఇంకా విను. పేజీలో ఆ ప్రశ్నలన్నీ చూసి కొత్తవాళ్ళు బోలెడుమంది అడగడం మొదలెట్టారు. నిన్నటికి రెండు వందల పదకొండు. గెలిచాం! కమిటీ అధ్యక్షురాలు ఒక్కొక్కటీ కూర్చుని చదివారట. "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక గ్రంథాలయాధికారి తిన్నదా లేదా అని జనం పట్టించుకోవడం నేను చూడలేదు" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మే 29న పాఠకుల సభ పెడుతున్నారు. నా తిండి గురించి అడిగిన నలభై ఒక్కమందికీ ప్రత్యేకంగా ముందు వరసలో కుర్చీలు, ఒక్కో కుర్చీకి వాళ్ళ ముద్దుపేరుతో చీటీ. పెద్దాయనకి జ్ఞాపిక. నేను ప్రసంగించాలి. నలభై ఒక్కమందికీ ఆహ్వానాలు పంపేశాను. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు, మొహమాటపడుతున్నట్టున్నారు.

నువ్వూ రా. మీ ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెడతాను.

పిచ్చుక


మే 16

పిచ్చుకా,

కూర్చుని చదువు. నిలబడి ఉంటే కూర్చో.

ఆ నలభై ఒక్కమందినీ ముందు వరసలో కూర్చోబెట్టడానికి నీకు ఒక్క కుర్చీ చాలు.

ముగ్గురు పిల్లల తల్లిని నేనే. దీపస్తంభం దగ్గర కాపలా కాసింది నేనే. బతికిందీ, చచ్చిందీ, మళ్ళీ బతికిందీ నేనే. చచ్చిందానికి మేనల్లుడిని కూడా నేనే. ఒకటి రెండు ప్రశ్నలతో ఆపుదామనుకున్నాను. మొదటి రోజు నువ్విచ్చిన జవాబు అంత బాగుంటుందని ఎవరనుకున్నారు? తేనెటీగలు ఒకదానికొకటి దారి ఎలా చెప్పుకుంటాయని అడిగితే, ఒక సిద్ధాంత గ్రంథం, రెండు పాత పత్రికలు, బొమ్మల పుస్తకం ఒకటి పంపించావు. మొత్తం మూడు వందల నలభై పేజీలు. అన్నీ చదివాను. రిటైరయ్యాక నన్ను ఎవరూ అంత చదివించలేదు. ఆ తరవాత నీ విభాగం కోసమని నాకు నేను చెప్పుకున్నాను గానీ, సగం నా సరదాకే అడిగాను.

నన్ను నాకే చూపించి పెళ్ళి సంబంధంలా మాట్లాడుతుంటే నవ్వాలో చావాలో తెలియలేదు. రెండోది ఎంచుకున్నాను. అది తప్పు. నీ ఉత్తరం మీది మరకలు చూశాక రెండు రోజులు నా మొహం నాకే నచ్చలేదు.

ఊరుకుని ఉంటే నువ్వు గెలిచేదానివే. కానీ నలభై ఒక్క ఖాళీ కుర్చీల ముందు నువ్వు నిలబడి ప్రసంగించడం నేను ఊహించుకోలేను. మొత్తం అరవై నాలుగు ప్రశ్నలు నావి. జాబితా జత చేశాను.

అబద్ధం కాస్తయినా తగ్గుతుందని డాబా మీద నిజంగానే ఒక తేనెటీగల పెట్టె పెట్టించాను. దర్జీ ఏడుస్తున్నాడు. "టీచరమ్మా, ఉతికిన గుడ్డ ఆరేద్దామని పైకెళ్తే మీ సైన్యం దారివ్వడం లేదు" అంటాడు.

ఎంత కోపమొచ్చినా తిట్టు, ఉత్తరం మాత్రం మానకు.

అమ్మమ్మ


మే 20

అమ్మమ్మకి,

నమస్కారాలు లేవు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి "సైన్యం దారివ్వడం లేదు" దగ్గర నవ్వొచ్చింది, అందుకు ఇంకా కోపమొచ్చింది.

నీకు తెలుసా, ఒక్క ఉత్తరంతో నాకు నలభై ఒక్కమంది ఆప్తులు పోయారు. ముగ్గురు పిల్లలూ ఇప్పుడు ఏడుపు మానారా లేదా అని బస్సులో వెళ్తూ ఆలోచించేదాన్ని. పిల్లలే లేరు!

జాబితా తీసుకెళ్ళి అధ్యక్షురాలి బల్ల మీద పెట్టాను. ఆవిడ చాలాసేపు చదివారు. "ఒక మనిషి అరవై నాలుగు ప్రశ్నలు అడగడంలో తప్పు లేదు. నలభై ఒక్కమందిగా అడగడమే తప్పు" అన్నారు. అరవై నాలుగూ కొట్టేశారు. మిగిలినవి నూట నలభై ఏడు. గడువు మారదట. సభ రద్దు. కుర్చీలు తీసేశారు. ఒక్కటి మాత్రం ఉంచమన్నారు. "ఆవిడ ఎప్పుడైనా వస్తే మాట్లాడాలి" అన్నారు. మెచ్చుకున్నారో బెదిరించారో నాకు అర్థం కాలేదు.

పదకొండు రోజుల్లో యాభై మూడు కావాలి. రావు. జిగురు గదికి వెళ్ళి నా బల్ల చూసుకొచ్చాను. పద్నాలుగుసార్లు తుమ్మాను.

నువ్వు ఇంకేమీ చెయ్యకు. చేస్తే ఒక్కటే. నీ పేరు మీద ఒక్క ప్రశ్న అడగొచ్చు, అది నీ హక్కు. అడిగేదేదో నీకు నిజంగా జవాబు తెలియనిదే అడుగు. అలాంటిది నీ దగ్గర ఉంటే.

తింటున్నాను.

పిచ్చుక


మే 24

చిరంజీవి పిచ్చుకకి, శిక్షకు సిద్ధంగా ఉన్న అమ్మమ్మ దీవెనలు.

ఒట్టు, నేను ఒక్క ప్రశ్న కూడా తయారు చెయ్యలేదు. వేరేవాళ్ళకి ఉన్న ప్రశ్నల్ని వాళ్ళ చేత అడిగించడం నేరమైతే చెప్పు, మానేస్తాను.

మా మేడలో అన్నిటికంటే కింద, వీధి వైపు వాటా పళ్ళ డాక్టరుది. ఆవిడ గదిలో రోజూ పాతికమంది తమ వంతు కోసం గోడకేసి చూస్తూ కూర్చుంటారు. లాప్‌టాప్ మీది లేసు గుడ్డ తీసి, దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెట్టాను. "మీకు ఎన్నాళ్ళుగానో తెలియనిది ఏదైనా ఉందా?" అని అడిగాను. మొదట అందరూ తలలు వంచేశారు. నాకు అలవాటే. ఒకావిడ, బుగ్గ వాచి ఉంది, మెల్లగా వేలెత్తింది. ఆ తరవాత ఆపడం కష్టమైంది. మత్తు సూది వేయించుకుని మాట రానివాళ్ళు కూడా చక్కగా టైపు చేస్తున్నారు. ఎవరిది వాళ్ళే, వాళ్ళ చేత్తోనే. నేను కీబోర్డు ముట్టుకోవడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను, కావాలంటే డాక్టర్ని అడుగు. "పిన్నిగారూ, నా రోగులు లోపలికి రమ్మంటే రావడం లేదు, ఇంకో ప్రశ్న ఉందంటున్నారు" అని విసుక్కుంటోంది. నిన్న ఆవిడే ఒకటి అడిగింది.

దర్జీ సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న ఒక రకం కాలరు కత్తిరించేవాడట, ఆ కొలతలు ఆయనతోనే పోయాయట. నువ్వు ఏదో పాత కుట్టుపని పత్రికలో ఆ పటం వెతికి పంపావు. నువ్వు పంపింది ఎవరికో నీకు తెలియదు, అదే మీ నియమం. నాకు తెలుసు గనక చెబుతున్నాను. దాన్ని అచ్చు వేయించుకుని పైకి తెచ్చి చూపించాడు. "టీచరమ్మా, మా నాన్న సుద్ద ముక్కతో గీసినట్టే ఉంది" అన్నాడు. ఆ తరవాత ఈగల గురించి ఒక్క మాట కూడా అనలేదు.

నలభై ఒక్కమందిని కల్పించాను గానీ పిచ్చుకా, ఈ దర్జీ లాంటివాణ్ణి ఒక్కణ్ణి కూడా కల్పించలేకపోయాను.

నా ప్రశ్న సంగతి. ఆలోచించాను. నాకు తెలియనిది ఏదీ తట్టడం లేదు. ఇది గొప్పకి అనడం లేదు, ఇబ్బందిగా ఉంది.

అమ్మమ్మ


మే 28

అమ్మమ్మకి,

కార్డే రాస్తున్నాను, టైము లేదు. నూట ఎనభై ఎనిమిది! అందరూ పంటి నొప్పితో ప్రశ్నలడుగుతున్నారేమిటని పక్క బల్ల ఆవిడ అడిగింది. మా నియమం ప్రకారం నేను ఆరా తియ్యనన్నాను.

ఎవరూ "వేళకి తిను" అనడం లేదు. మొన్న మధ్యాహ్నం మరిచిపోయాను కూడా.

పిచ్చుక


మే 31, సాయంత్రం 5.38
ఉచిత పరిశోధన సహాయం: ప్రశ్న పంపే ఫారం

మిమ్మల్ని ఏమని పిలవాలి?
అమ్మమ్మ. ఈసారి నిజం.

ఏం చేస్తుంటారు?
రిటైరైన భూగోళం టీచరు. ప్రస్తుతం పళ్ళ డాక్టరు గది బయట, బల్ల కింద ఉన్నాను.

ఏం కావాలి?
మా పెట్టెలోంచి ఈగలన్నీ గుంపుగా లేచి వెళ్ళి డాక్టరు గారి బోర్డు మీద వాలాయి. బోర్డు మీద నవ్వుతున్న పెద్ద నోటి బొమ్మ ఒకటుంది. సరిగ్గా ఆ నోటి మీదే. వీధిలోంచి చూస్తే నోటికి గడ్డం మొలిచినట్టుంది. చుట్టూ జనం. డాక్టరు లోపల తలుపేసుకుంది. దర్జీ తన దగ్గరున్న దోమతెర గుడ్డంతా నా తల మీద కప్పాడు, ఒక ఈగతో సహా. పై పెదవి, ఎడమ కన్ను అయిపోయాయి. మూడు వందల నలభై పేజీలూ చదివాను. గుంపు ఎందుకు లేస్తుందో, ఎప్పుడు లేస్తుందో చెప్పాను, జనం విన్నారు. ఎలా దించాలో మాత్రం నాకు నిజంగా తెలియదు. నాలుగో అధ్యాయంలో ఉండేదేమో. దండగని అది సరిగ్గా చదవలేదు.

త్వరగా చెప్పగలరు. వేళకి తిన్నారా?


మే 31, సాయంత్రం 5.51
ప్రశ్న సంఖ్య: 200

అమ్మమ్మగారికి,

మీ ప్రశ్నకి ధన్యవాదాలు.

గుంపుని కదిలించకండి. పెట్టె విడిచి వచ్చిన గుంపు సాధారణంగా నిదానంగానే ఉంటుంది. ఎవరూ కొట్టకుండా, పొగ పెట్టకుండా జనాన్ని వెనక్కి పంపండి. మీకు దగ్గర్లో ఈగల గుంపుల్ని పట్టుకునే వాళ్ళ ఫోను నంబర్లు కింద ఇస్తున్నాను, మొదటి నంబరుకి నేనే చేశాను, బయల్దేరారు. కుట్టిన చోట ముల్లుంటే గోటితో గీకి తీసెయ్యండి, చన్నీళ్ళ గుడ్డ వెయ్యండి. ఊపిరాడకపోయినా, నాలుక వాచినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మీ నాలుక గురించి మాకు పెద్దగా భయం లేదు.

ఉచితంగా చదవడానికి: మీ దగ్గరున్న పుస్తకమే, నాలుగో అధ్యాయం, మొదటి పేజీ నుంచి.

మా అధ్యక్షురాలు ఒక కుర్చీ మీకోసం అలాగే ఉంచారు. కన్ను తెరుచుకున్నాక రండి.

విభాగం తరఫున సొంత కబుర్లు రాయకూడదన్నది నియమం. అయినా రెండు ప్రశ్నలడిగారు గనక రెండింటికీ జవాబివ్వడం నా విధి.

తిన్నాను.